నాలుగు సెకన్ల తాతయ్య

హైదరాబాద్,
12 జనవరి 2025

తాతయ్యకి,

ఉజ్వల నమస్కారాలు. పోయిన ఆదివారం మీకు ఫోన్ చేస్తే మీ చెవి మిషను ఈల వేసింది. నేను గొంతు చించుకుని అరిచాను. మీరు "ఎవరూ? కరెంటు ఆఫీసా?" అని పెట్టేశారు. అందుకని ఇకమీదట మీరూ మా నాన్నా ఒకప్పుడు చేసినట్టే కాగితం మీద మాట్లాడుకుందాం. సినిమా మొదలయ్యాక ఎవరూ మధ్యలో దూరకుండా నేను చేసుకోగలిగే పని ఇదొక్కటే అయ్యేట్టుంది.

అవును, సినిమా ఖాయమైంది. మీ అక్క కొడుకు కోసం, అంటే మా నాన్న మహీధర్ కోసం, మీరు నీలం ఎయిర్‌లెటర్ల మీద బాల్‌పెన్నుతో గీసి పంపిన లంగరయ్య తెర మీదికి రాబోతున్నాడు. పాదం మోపాడంటే తుఫానొచ్చినా తను కదలని, పట్టుకున్నదాన్ని కదలనివ్వని ఆ రేవు కూలీయే నా మొదటి సినిమాకి హీరో. నాన్న ఆ నలభై మూడు ఉత్తరాలనూ ఇప్పటికీ సింగపూర్ బిస్కట్ల రేకు డబ్బాలోనే దాచాడు. నిర్మాతకి చూపించాలి, పంపమంటే పంపలేదు. విశాఖపట్నం నుంచి డబ్బా ఒళ్లో పెట్టుకుని తనే వచ్చి, మీటింగ్ అయ్యేదాకా దాని మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నిర్మాత పరంధామయ్య గారికి ఒక కోరిక పుట్టింది. సూపర్‌హీరో సినిమాల్లో ఆ హీరోని పుట్టించినవాళ్లు బస్సులో పక్క సీట్లోనో, టీ కొట్టు దగ్గరో ఒక్క క్షణం కనిపించి పోతారు చూశారా, అలా మీరు ఐదు సెకన్లు కనిపించాలట. "సృష్టికర్తే స్వయంగా వస్తే హాలు దద్దరిల్లిపోతుందమ్మా" అంటున్నారు. నాకు రెండు మనసులుగా ఉంది. మిమ్మల్ని తెర మీద చూడాలనీ ఉంది, హాలు దద్దరిల్లితే తర్వాతి డైలాగు ఎవరికి వినిపిస్తుందన్న బెంగా ఉంది.

ఏప్రిల్‌లో నాలుగు రోజులు మీ ఊళ్లోనే షూటింగ్. మీకు ఇష్టమో కాదో మొహమాటం లేకుండా రాయండి. కుమారమ్మ అమ్మమ్మని అడిగానని చెప్పండి.

మీ మనవరాలు,
ఉజ్వల

యూ టీ, సింగపూర్,
27 జనవరి 2025

చిరంజీవి ఉజ్వలకి,

తాతయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా, నా కుడి చెవి తప్ప. నీ ఉత్తరం కుమారమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి మొదలెడితే కూర మాడుతోందని లేచిపోయింది. దాంతో మా బ్లాకు కింద కాఫీ షాపుకి పట్టుకెళ్లాను. టేబులు మీద టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకున్నాను. ఈ ఊళ్లో పొట్లం పెట్టామంటే ఆ చోటు మనదే, ఎవరూ కూర్చోరు. పక్క టేబుల్ చైనీస్ అంకుల్‌కి నీ ఉత్తరం చూపించాను. ఒక్క అక్షరం రాకపోయినా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "యూ? సూపర్‌హీరో?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఏం చూపు అది! నాకు నచ్చింది.

ఇంట్లో మాత్రం ప్రతిపక్షం ఉంది. మా అబ్బాయి దీపక్ కూతురు శాలిని తెలుసు కదా, పదిహేడేళ్లది, సూపర్‌హీరో సినిమా ఒక్కటీ వదలదు, ఈ ఊరి పిల్లల్లా మాట చివర లా తగిలిస్తుంది. "తాతా, డోంట్ లా. నువ్వు రాగానే హాలంతా గుసగుసలు. దట్స్ ద గై, దట్స్ ద గై అని. ఆ గ్యాప్‌లో విలన్ ఏం చెప్పాడో మిస్" అంది. మరి నువ్వు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన ఎప్పుడొస్తాడా అని కాచుకుని చూడవా అని అడిగాను. "చూస్తా. అదే ప్రాబ్లం" అంది.

నా మనసు చెప్తాను. ముప్పై ఒక్క ఏళ్లు షిప్‌యార్డ్‌లో ఓడల మీద పేర్లు రాశాను. తాళ్లకి కట్టిన పలక మీద కూర్చుని, గాలికి ఊగుతూ, నా నిలువెత్తు అక్షరాలు. ఓడని చూసేవాడికి దాని పేరు కనబడాలి గానీ పెయింటరు కాదు. అది నాకు తెలుసు. అయినా ప్రతి ఓడ మీదా చివరి అక్షరం పక్కన చిటికెన వేలంత చుక్క ఒకటి పెట్టేవాణ్ణి. నూట పన్నెండు ఓడలు. ఫోర్‌మన్ కూడా ఏనాడూ కనిపెట్టలేదు. అది పెట్టకుండా పలక దిగబుద్ధయ్యేది కాదమ్మా, అంతే.

ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను. నా విషయంలో అవసరం లేదు. ముందు నీ సినిమా సంగతి చూసుకో.

కుమారమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి అవసరపెడుతోంది, గుడికి వెళ్లే రైలు తప్పిపోతుందట. ఉంటాను.

కొండలరావు తాతయ్య •

హైదరాబాద్,
14 ఫిబ్రవరి 2025

తాతయ్యకి,

నమస్కారం. మీ సంతకం పక్కన చుక్కని పెన్ను ఆగిన చోట పడ్డ మరక అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మీ ఉత్తరం చదివి నాన్నకి ఫోన్ చేస్తే డబ్బా తీసి చూశాడు. నలభై మూడింటి మీదా ఉందట. యాభై ఏళ్లుగా దాచుకుంటూ ఒక్కసారీ గమనించలేదని తనని తాను తిట్టుకున్నాడు.

అవసరం లేదన్నారు. ఆ మాటకే కట్టుబడి ఉంటాను. అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టానేమోనని భయపడ్డాను, మీరంత తేలిగ్గా చెప్పేసరికి ఊపిరి పీల్చుకున్నాను. పరంధామయ్య గారితో కూడా "తాతగారు అవసరం లేదన్నారు" అని చెప్పేశాను. ఆయన మొహం వేలాడేసుకుని, సరే, పెద్దవారి మాట అన్నారు.

శాలిని చెప్పిన దాంట్లో నిజం ఉంది తాతయ్యా. మా స్కూల్లో ఒకసారి నాటకం వేశాం. రాసిన తెలుగు మాస్టారే ద్వారపాలకుడి వేషం కట్టి, ఈటె పట్టుకుని ఊరికే అటునుంచి ఇటు నడిచారు. ఊళ్లో ఆయనంటే అందరికీ ప్రాణం. చప్పట్లు, ఈలలు, ఆగితేనా! వెనకాల రాజు కత్తి దూసి నిలబడి చచ్చిపోయే డైలాగు మర్చిపోయాడు. ఆ రాజుని నేనే. ఇరవై ఏళ్లయినా మాస్టారి మీద నాకు కోపం పోలేదు. నాటకానికి ఆయన మీద ప్రేమ అడ్డం వచ్చింది.

మీరు మాత్రం నాకొక సాయం చెయ్యాలి. ఓడ మీద పేరు ఎలా రాస్తారో నాకు కావాలి. ఎలా కూర్చుంటారు, ఏ అక్షరంతో మొదలెడతారు, ఏ బ్రష్షు, అన్నీ.

ఉజ్వల

యూ టీ,
3 మార్చి 2025

చిరంజీవి ఉజ్వలకి,

దీవెనలు. నీ ద్వారపాలకుడి కథకి కుమారమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నేను మాత్రం మనసులో పెట్టుకున్నాను. నీకు ఇంకోసారి అలా జరగనివ్వను, పూచీ నాది.

నీ ప్రశ్నలకి జవాబులు. పలకని మేం ఊయల అనేవాళ్లం. ముందు సుద్ద రాసిన దారం లాగి పట్టి, వదిలి, ఇనుము మీద గీత కొట్టాలి. పేరు ఎప్పుడూ మొదటి అక్షరంతో మొదలెట్టకూడదు. మధ్య నుంచి అటూ ఇటూ పోవాలి, లేకపోతే చివర చోటు చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. బ్రష్షు నాలుగు వేళ్ల వెడల్పుది. కొత్తది పనికిరాదు, కాస్త అరిగి ఉండాలి.

ఇంకొకటి, నువ్వు అడక్కపోయినా చెప్తాను. లంగరయ్య నడుస్తుంటే కుడి పాదం బయటికి తిరగాలి. అది మా నాన్న నడక. రేవులో బస్తాలు మోసి మోసి అలా తిరిగిపోయింది. అక్క పెళ్లయి మీ దేశం వెళ్లేటప్పటికి ఆయన ఉన్నాడు. మీ నాన్న పుట్టేటప్పటికి లేడు. తాతని చూడని పిల్లాడికి తాతని చూపిద్దామనే ఆ బొమ్మ మొదలెట్టాను. నడక కుదిరితే చాలు, వేసేది ఎవరైనా లంగరయ్యే.

ఇక్కడి విశేషాలు. టెక్కా బజారులో ఒక నీలం చొక్కా కుట్టించుకున్నాను. మీసం పెంచుతున్నాను. రోజూ పొద్దున శాలిని కాలేజీకి వెళ్లేముందు మా బ్లాకు కింద ఖాళీ చోట నన్ను అటూ ఇటూ నడిపిస్తోంది. "మామూలుగా నడు తాతా, ఎవరో చూస్తున్నట్టు నడవకు" అంటుంది. డెబ్బై ఆరేళ్లుగా మామూలుగా నడిచినవాణ్ణి, ఆ మాట విన్నప్పటి నుంచి కాళ్లు తడబడుతున్నాయి. అదేమో వద్దు లా అన్న పిల్లే!

నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే. ముందురోజు చెప్తే చాలు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటాను.

కొండలరావు తాతయ్య •

హైదరాబాద్,
20 మార్చి 2025

తాతయ్యకి,

మీరు రోజూ వాకింగ్ చేస్తున్నారని ఫోన్లో చెప్తే నాన్న సోఫాలోంచి లేచి వీధి చివరి దాకా వెళ్లొచ్చాడు. మీ ఆరోగ్యం మీద మీకున్న శ్రద్ధ ఆయనకి కూడా అంటిస్తే మా అమ్మ మీకు దణ్ణం పెడుతుంది.

షూటింగ్ ఏప్రిల్ పది నుంచి పదమూడు దాకా. జురాంగ్ వైపు ఒక యార్డులో పాత ఓడ దొరికింది. పన్నెండున మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికి వస్తాను. దానికి చొక్కా ఇస్త్రీ ఎందుకు తాతయ్యా, మీరు లుంగీతో ఉన్నా నేనేం అనుకోను.

మీ ఉత్తరం చదివాక కథలో కొత్త పాత్ర పుట్టింది! లంగరయ్య మొదటిసారి రేవులోకి వస్తున్నప్పుడు ఒక ముసలి పెయింటరు ఊయల మీద కూర్చుని ఓడ పేరు రాస్తుంటాడు. మధ్య అక్షరం నుంచి! విశాఖలో ముప్పై ఏళ్లుగా నాటకాలు ఆడుతున్న రామన్న గారు ఆ వేషం వేస్తున్నారు. మీరు ఎలాగూ అవసరం లేదన్నారు కాబట్టి, మీ బదులు మీ పనైనా తెర మీద ఉంటుంది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఉజ్వల

యూ టీ,
29 మార్చి 2025

ఉజ్వలకి,

ఉత్తరం చేరింది. రామన్న గారు మంచి నటులే అయి ఉంటారు. ఊయల తాడు రెండు ముళ్లు వెయ్యమను, ఒక్క ముడి జారుతుంది.

నీలం చొక్కా బీరువాలో పెట్టేశాను. మీసం తీసేశాను. శాలిని నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. నాతో కాదు, నీతో. నువ్వు అక్కడున్నావు కాబట్టి నీకు తెలియలేదు.

ఒక్క మాట అడుగుతాను. అవసరం లేదని నేను రాసిన మాట నిజమే. నిన్ను అవసరపెట్టకూడదనే కదా అలా రాసింది. అంతమాత్రాన అసలే వద్దన్నట్టా? నాకు ఇష్టం లేదనిపిస్తే ఆ చుక్క సంగతంతా నీకెందుకు చెప్తాను? ఈ వయసులో సినిమా మోజేమిటని నలుగురూ నవ్వితే నవ్వనీ, నాకు కనిపించాలనే ఉండింది. నువ్వు అడిగావు కాబట్టే ఉండింది. అడక్కపోతే ఆ ఊసే రాదు.

కథ నీది, సినిమా నీది. పన్నెండున భోజనానికి రా. కుమారమ్మ చేపల పులుసు పెడుతుంది. నేను ఇంట్లోనే ఉంటాను.

కొండలరావు

హైదరాబాద్,
5 ఏప్రిల్ 2025

తాతయ్యా,

దీన్ని పోస్టులో వేస్తే నాకంటే వెనక చేరుతుంది. అందుకని రాసి, ఫొటో తీసి శాలిని ఫోనుకి పంపుతున్నాను. శాలినీ, నీకు తెలుగు చదవడం రాదు కాబట్టి మర్యాదగా ఫోను తాతయ్య చేతికివ్వు. ఆయన చదివాక నా మీద కోపం ఉంచుకోవాలో వద్దో నిర్ణయించుకో.

మీ ఉత్తరంలో సంతకం పక్కన చుక్క లేదు. అవసరం లేదంటే అసలే వద్దన్నట్టా అని అడిగారు. మరి కాదా? పదిసార్లు చదివాను, అర్థం కాలేదు. చివరికి మీ అక్కకే, మా హైమావతి నానమ్మకి, ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆవిడ వింటూ వింటూ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎనభై రెండేళ్ల మనిషికి అంత నవ్వు మంచిది కాదేమో అని నాకు భయం వేసింది.

"ఓసి మొద్దూ! మా సింగపూరోళ్లు అవసరం అంటే తొందర అనే. అరవోళ్ల మధ్య పుట్టి పెరిగాం, వాళ్ల మాటే మాకూ అంటుకుంది. మా తమ్ముడు తొందర లేదమ్మా, నిదానంగా చూసుకో అంటే, నువ్వు వాణ్ణి తీసి అవతల పెట్టేశావు" అంది.

ఇంకా ఆగలేదు. ఆవిడ పెళ్లయి విశాఖపట్నం కాపరానికి వచ్చిన మొదటి రోజు అత్తగారు "అన్నం పెట్టనా అమ్మా" అని అడిగారట. కొత్త కోడలు కదా, మీ పనయ్యాకే పెట్టండి, తొందరేం లేదు అనే మర్యాదతో "అవసరం లేదండీ" అందట. పొద్దున అడిగితే అదే మాట, సాయంత్రం అడిగితే అదే మాట. సింగపూర్ పిల్ల, మన తిండి పడదు కాబోలు అని రెండు పూటలూ ఎవరూ పెట్టలేదట! ఆకలికి ఏడుస్తుంటే మీ బావగారు జామకాయలు తెచ్చి ఇచ్చారట. అరవై ఏళ్ల నాటి ఈ కథ ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా దాచినందుకు ఆవిడ మీద కోపం వచ్చింది.

తాతయ్యా, తప్పు నాదే. మీ ఉత్తరంలోనే అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అవసరపెడుతోందని ఉంది. అక్కడే అర్థం చేసుకోవాల్సింది.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. ఆ పెయింటరు వేషం మీరు వేస్తారా? రామన్న గారికి నిన్ననే చెప్పాను. బ్రష్షు పట్టుకోవడం ఎంత సాధన చేసినా రావట్లేదని ఆయనే తలపట్టుకుని ఉన్నారు. ఫోర్‌మన్ వేషం ఇస్తానంటే హాయిగా ఒప్పుకున్నారు. పలక నేల నుంచి రెండడుగుల ఎత్తులోనే కడతాం, అమ్మమ్మకి చెప్పండి.

కానీ నా భయం నాకుంది, అది దాచను. హీరోని పుట్టించిన మనిషిగా రాకండి. పెయింటరుగా రండి. కెమెరా మీ వీపునీ చేతినీ చూస్తుంది, మొహం తిప్పకూడదు. కథ మీదని టైటిల్స్‌లో పెద్ద అక్షరాలతో వేస్తాను, ఈ షాటులో ఉన్నది మీరని మాత్రం ఎక్కడా చెప్పను. హాలు దద్దరిల్లదు. ఒక్కరు కూడా గుర్తుపట్టకపోవచ్చు. అయినా ఇష్టమేనా?

ఇష్టం లేకపోతే వద్దు అని రాయండి. దయచేసి అవసరం లేదని మాత్రం రాయకండి.

ఉజ్వల

యూ టీ,
6 ఏప్రిల్ 2025

ఉజ్వలా,

శాలిని ఫోను పట్టుకుని నిలబడింది, ఫొటో తీసి పంపుతుందట, త్వరగా రాయమంటోంది.

ఆ జామకాయల సంగతి అక్క నాక్కూడా చెప్పలేదు.

వీపు చాలు. నాలుగు రోజుల్లో మీసం వస్తుందా అని అడగబోయాను, వీపుకి మీసం ఎందుకు తాతా అంది శాలిని. నా పాత బ్రష్షు నేనే తెచ్చుకుంటాను.

కొండలరావు తాతయ్య •

హైదరాబాద్,
18 సెప్టెంబర్ 2025

తాతయ్యకి,

నమస్కారం. ఎడిటింగ్ అయిపోయింది. మీ షాటు నాలుగు సెకన్లు నిలిచింది. దానికోసం నేను చేసిన యుద్ధం మీకు చెప్పాలి.

ముందు ఆ రోజు సంగతి. మా యూనిట్‌లో ఇప్పటికీ దాన్ని కథలా చెప్పుకుంటున్నారు. ఆరో టేకులో "కట్" అన్నది నేను కాదు, మీరు. తి అక్షరం గుడి వంకరపోయిందని! నేను బాగానే ఉంది అంటే, "ఓడ వెళ్లిపోతే మళ్లీ దిద్దగలవా?" అన్నారు. అది సినిమా ఓడ, ఎక్కడికీ వెళ్లదు అని చెప్పకుండా ఏడో టేకు పెట్టించాను. ఓడకి హైమావతి అని పేరు పెట్టి, తెలుగులో రాయాలన్నప్పుడు మీరు రంగులో ముంచిన బ్రష్షుని మళ్లీ డబ్బా అంచుకి తుడిచేశారు. నూట పన్నెండు ఓడల్లో ఒక్కదాని మీద కూడా తెలుగు అక్షరం రాయలేదని భోజనాల దగ్గర చెప్పారు. చిన్నప్పుడు పలక మీద మీకు ఆ అక్షరాలు దిద్దించిన అక్క పేరే రాయాల్సి వస్తుందని మీరు అనుకుని ఉండరు. నానమ్మకి ఆ ఫొటో పంపితే రోజంతా ఫోను పక్కన పెట్టలేదు.

ఏడో టేకులో చుక్క పెట్టారు. స్క్రిప్టులో లేదు. నేను చూశాను, ఆపలేదు. లంగరయ్య వేషంలో ఉన్న ప్రణవ్ నడుచుకుంటూ వచ్చి ఓడ మీద చెయ్యి ఆనించాలి కదా, సరిగ్గా తడి చుక్క మీదే బొటనవేలు పెట్టాడు. తెల్ల రంగు అంటుకుంది. ఆ తర్వాత ఓడని ఆపే ఫైటంతా వాడి బొటనవేలి మీద ఆ తెల్ల మచ్చ ఉంది. మొదట చెరిపిద్దామనుకున్నాను. తర్వాత ఆలోచించి, మిగతా సీన్లన్నిటికీ రోజూ మచ్చ పెట్టి మరీ తీశాను.

ఇక యుద్ధం. పరంధామయ్య గారు మీ షాటు దగ్గర బొమ్మ ఆపేసి, పక్కన మీ పేరు వేసి, సంగీతం మోగించాలన్నారు. నేను ససేమిరా అన్నాను. వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆయన తన డ్రైవరునీ, వంటమనిషి మంగతాయారునీ, ఇంకో పదిమందినీ కూర్చోబెట్టి రెండు రకాలుగానూ వేసి చూపించారు. ఆపిన బొమ్మకి అందరూ చప్పట్లు కొట్టారు. ఆపని దాని తర్వాత మంగతాయారు గారు, "ఆ బాబు వేలికి రంగంటుకుంది, పాపం, ఆ పెయింటరు తాత మళ్లీ దిద్దుకోవాల" అన్నారు. పరంధామయ్య గారు లేచి ఎడిటర్ దగ్గరికి వెళ్లి, ఆపని దాన్నే ఉంచమన్నారు.

నవంబర్ చివర్లో విడుదల. మీ ఊళ్లోనూ వేస్తున్నారు.

ఉజ్వల

యూ టీ,
1 డిసెంబర్ 2025

చిరంజీవి ఉజ్వలకి,

తాతయ్య, కుమారమ్మల దీవెనలు. నిన్న మధ్యాహ్నం ఆటకి మా పక్క పేట చోవా చూ కాంగ్‌లో నీ సినిమా చూశాం. నేను, కుమారమ్మ, శాలిని, దీపక్, కోడలు, కాఫీ షాపు చైనీస్ అంకుల్. ఆయనకి కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. నీలం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాను. నన్ను గుర్తుపట్టేవాళ్లెవరూ ఉండరని తెలిసీ వేసుకున్నాను.

పదిహేను రోజులుగా ఆ నాలుగు సెకన్ల కోసమే కాచుకుని ఉన్నాను, నీ దగ్గర దాపరికమేమిటి. పరంధామయ్య గారి మాట విని ఉంటే ఎలా ఉండేదో అని ఒకటి రెండుసార్లు ఊహించుకున్నాను కూడా. హాలు నిండా మన పిల్లలు. చాంగీ బిజినెస్ పార్క్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు వంద మంది దాకా ఉంటారు. అందరూ ఒక్కసారి లేచి నిలబడితే!

రేవు వచ్చింది. పొద్దుటి ఎండ, క్రేన్లు, దూరంగా ఓడ. నేను ముందుకి వంగి కూర్చున్నాను. అప్పుడు అటు చివర నుంచి లంగరయ్య వచ్చాడు. భుజం మీద తువ్వాలు. కుడి పాదం బయటికి తిరిగి ఉంది. ఉజ్వలా, ఆ అబ్బాయి ఎలా నేర్చుకున్నాడో గానీ, అది మా నాన్నే. నాకు పదమూడేళ్లప్పుడు రేవు గేటు దగ్గర కారియర్ పట్టుకుని నిలబడితే అలాగే వచ్చేవాడు, ముందు ఆ పాదం కనిపించేది, తర్వాత మనిషి. నేను ఆ పాదాన్నే చూస్తున్నాను. ఓడ దాకా నడిచాడు, చెయ్యి ఆనించాడు, వేలు చూసుకున్నాడు, ముందుకి వెళ్లిపోయాడు. నేనూ ఆయన వెనకే వెళ్లిపోయాను.

సినిమా అయ్యాక శాలిని నా భుజం పట్టుకుని ఊపింది. "తాతా! నిన్ను నువ్వు చూసుకున్నావా?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. నేను చూడలేదు! నా కళ్లముందే నాలుగు సెకన్లు ఉన్నాను, నేనే చూసుకోలేదు. శాలిని తల కొట్టుకుంది. తను చూసిందట, కానీ నా వైపు తిరిగి చెప్పబుద్ధి కాలేదట, ఆ వేలికి అంటిన రంగు ఏమవుతుందో మిస్ అవుతానని. నువ్వు శాలిని తన మాట వెనక్కి తీసుకునేలా చేశావు. అది మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు.

హాల్లో ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. చైనీస్ అంకుల్ నన్ను అడిగాడు, నువ్వెక్కడ కనిపించావని. కనిపించలేదు అన్నాను.

కుమారమ్మ మాత్రం గుర్తుపట్టింది. రేవు సీనులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఏసీ చలి అనుకుని నా పైపంచ కప్పబోయాను. ఇంటికొచ్చాక అంటుంది కదా, "యాభై ఏళ్ల నుంచి ఆ వీపుకి నూనె రాత్తన్నాను, నాకు తెలీదేటి?" అని. అని కళ్లు తుడుచుకుంది. నువ్వు ఒక్కరు కూడా గుర్తుపట్టకపోవచ్చు అన్నావు. ఒక్కరు గుర్తుపట్టారు. దాంతో నా మనసు నిండిపోయింది.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దాం, ఈసారి నీ సీను రాగానే పొడిచి చెప్తాను తాతా అంది శాలిని.

"అవసరం లేదు" అన్నాను.

"అయితే పై ఆదివారం ఎల్దామా?" అంది కుమారమ్మ.

కాదే, ఈసారి నేనన్నది ఉజ్వల వాళ్ల తెలుగులో అని చెప్పాను.

కొండలరావు తాతయ్య •